ప్రార్థన మందిరంలో రేషన్ బియ్యం

ఈమధ్య మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు నలుగురైదుగురు ఖమ్మంలో మా ఇంటికి వచ్చారు. టీ తాగుతూ ఒక అమ్మాయి అడిగింది: "మేడమ్, మీ సర్వీసంతటిలో ఎప్పుడన్నా స్టాకు పాడైందా?"

పాడవకుండా ఎలా ఉంటుంది? ఇన్నేళ్లు బియ్యంతో కాపురం చేసి ఒక్క గింజా పాడవలేదని చెప్పేవాళ్లను నేను నమ్మను. అయితే పాడైన ఒక సందర్భం తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వే వస్తుంది. ఆ రోజు వాళ్లకు చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను పుట్టింది బోనకల్ దగ్గర, మిర్చి పండించే ఇంట్లో. పౌరసరఫరాల గోడౌన్ ఇన్‌చార్జిగా భద్రాచలం అవతల, అడవి అంచున ఉన్న ఒక మండలానికి వేశారు. మిల్లుల నుంచి లారీల్లో వచ్చే బియ్యాన్ని పరీక్షించి దించుకోవాలి, నిల్వ చేయాలి, మళ్లీ రేషన్ షాపులకూ హాస్టళ్లకూ అంగన్‌వాడీలకూ పంపాలి. నెలాఖరుకు గోడౌన్ ఊడ్చి మళ్లీ మొదలు. చెప్పడానికి ఇంతే.

చిక్కంతా వానాకాలంలో. మా మండలంలో పెద్ద వాగు అవతల ఒక ఊరు ఉంది. వాగు పొంగిందంటే ఆ ఊరికి ట్రాక్టరు పోదు. నీటి ఉరవడి తగ్గిన రోజున నాటుపడవ మీద మనుషులు దాటగలరు, అంతే. అందుకని వానలు మొదలవకముందే ఆ కాలానికంతటికీ సరిపడే బియ్యం అక్కడికి చేర్చేవాళ్లం. అక్కడి రేషన్ షాపు నడిపేది ఊరిపెద్ద కోడలు. ఊరిపెద్దను అందరూ పటేల్ అనేవాళ్లు. తక్కువ మాట్లాడే మనిషి. ఆయన ఊ అంటే అవుననో కాదనో తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

ఆ ఎండాకాలం చివర గాలిదుమారానికి షాపు మీది రేకులు లేచిపోయాయి. గోడలు కూడా ఒక పక్కకు ఒరిగాయి. వానలు నెత్తి మీదికి వచ్చాయి, బియ్యం పెట్టడానికి చోటు లేదు. బడి పాతది, కప్పు కారుతుంది. ఊళ్లో సిమెంటు స్లాబు వేసిన కట్టడం ఒక్కటే ఉంది. అది మెరక మీద కట్టిన చిన్న చర్చి.

ఊళ్లో సగం ఇళ్లవాళ్లు చర్చికి పోతారు. మిగతా సగం తమ పాత దేవతలను కొలుస్తారు, పటేల్ కూడా ఆ సగంలోనివాడే. ఇద్దరి మధ్యా గొడవలేం లేవు గానీ, ఒకరి గడప ఒకరు ఊరికే తొక్కేవాళ్లు కాదు.

నేను ముందు పాస్టర్‌ను అడిగాను. ముప్పై దాటని కుర్రాడు, భద్రాచలంలో చదువుకుని వచ్చాడు. గట్టిగా పాడతాడు, అంత కంటే గట్టిగా నవ్వుతాడు.

"పెట్టుండ్రి మేడమ్. బువ్వ పెట్టే బియ్యానికి ప్రార్థన ఇల్లు పనికి రాదంటే ఎట్ల?" అన్నాడు.

తర్వాత ఖమ్మంలో మా పై అధికారికి ఫోన్ చేశాను. ఆయన పద్ధతి గల మనిషి. ప్రతిదానికీ ఒక నిబంధన ఉంటుందనీ, లేకపోతే ఆ పని చేయకూడదనీ ఆయన నమ్మకం.

"చర్చిలో ప్రభుత్వ బియ్యమా? రేపు ఏదన్నా అయితే ఎవరు జవాబు చెప్పాలమ్మా?"

"వాగు పొంగినంక ఊళ్లో బియ్యం లేకపోతే ఎవరు చెప్పాలె సార్?" అన్నాను.

"జాగ్రత్తగా చూసుకో" అని పెట్టేశాడు. ఆయన నోట ఆ మాట వచ్చిందంటే ఒప్పుకున్నట్టే.

అన్నిటి కంటే కష్టం పటేల్‌ను ఒప్పించడం. ఆయన అరుగు మీద కూర్చుని చాలాసేపు నేల చూసి, చివరికి మనసులోది బయట పెట్టాడు. "మేడమ్, బియ్యం గుడిల పెడితే రేపటి దినం బియ్యం గావాలంటే ప్రార్థనకు రాండ్రి అంటరేమో. మావోళ్లు అదే అడుగుతున్నరు."

నా వెంట వచ్చిన పాస్టర్ జేబులోంచి చర్చి తాళంచెవి తీసి పటేల్ ముందు అరుగు మీద పెట్టాడు. "ఇది మీ ఇంట్లనే ఉండనియ్యి పటేలా. ఆదివారం పొద్దుగాల నేనే వచ్చి అడుక్కుంట."

పటేల్ తాళంచెవి వైపు చూశాడు, పాస్టర్ వైపు చూశాడు. "ఊ" అన్నాడు. అది అవుననే అని నాకు అప్పటికి తెలుసు.

బియ్యం చేర్చడానికి మా హమాలీల జట్టు మేస్త్రి వచ్చాడు. ఎర్రుపాలెం వైపు మనిషి. ఎంత బరువు మోస్తున్నా నోరు మాత్రం ఆగదు. "మేడమ్ గారూ, నేను చర్చికి రావాలని మా అత్తగారు ఇరవై ఏళ్లుగా ప్రార్థన చేస్తందండీ. చివరికి నెత్తి మీద బస్తా పెట్టి తీసుకొచ్చాడు దేవుడు" అంటూ లోపలికి అడుగుపెట్టాడు.

చెక్క పలకలు ట్రాక్టరులో పట్టకపోతే ఊరివాళ్లే వెదురు కొట్టుకొచ్చి నేల మీద పరిచారు. దాని మీద బస్తాలు వరసగా పేర్చి నెట్టు కట్టాం. గోడకూ నెట్టుకూ మధ్య మనిషి నడిచేంత జాగా వదిలాం. నేల చెమ్మ, గోడ చెమ్మ బస్తాను తాకకూడదు, నాలుగు పక్కలా గాలి తిరగాలి. గోడౌన్‌లో అయితే పురుగు పట్టకుండా మందు బిళ్లలు పెట్టి పరదా కప్పుతాం. ఆ మందు పొగ మనిషికి ప్రాణాంతకం. వారం వారం జనం కూర్చుని పాటలు పాడుకునే చోట దాని మాటే ఎత్తకూడదు. ఇక్కడ గాలీ, చీపురూ, కళ్లూ తప్ప మనకు వేరే ఆధారం లేదని పటేల్ కోడలికి చెప్పి వచ్చాను.

ఆదివారం ప్రార్థనలు బస్తాల మధ్యే సాగాయి. పాస్టర్ పొద్దున్నే పటేల్ ఇంటికి వెళ్లడం, పటేల్ భార్య తాళంచెవితో పాటు గ్లాసుడు టీ కూడా ఇవ్వడం అలవాటైందని తర్వాత విన్నాను.

వాగు పొంగింది. మధ్యలో ఉరవడి కాస్త తగ్గిన రోజు చూసి, నేనూ మేస్త్రీ స్టాకు చూడ్డానికి నాటుపడవలో అవతలికి వెళ్లాం. ఊళ్లో సందడిగా ఉంది. మర్నాడు చర్చిలో పెళ్లట. పిల్ల ఆ ఊరిదే. పిల్లవాడు సారపాకలో కాగితం మిల్లులో కాంట్రాక్టు పని చేస్తాడు. వాగు మళ్లీ లేస్తుందేమోనని మగపెళ్లివాళ్లు ముందురోజే వచ్చేశారు.

చర్చి ముందు పిల్ల తండ్రి నాకోసమే ఎదురు చూస్తున్నాడు. "మేడమ్, ఈ బస్తాలు జర అటు పక్కకు జరుపుకుంటం. చుట్టాలు నిలవడనీకె జాగ లేదు."

"జరుపుకోండి. మా మేస్త్రి చూపిస్తడు" అన్నాను.

లోపలికి వెళ్లగానే నాకు ఏదో తేడా అనిపించింది. గోడ పక్కన మేం వదిలిన దారి లేదు. నెట్టు మొత్తం పడమటి గోడకు ఆనుకుని ఉంది.

పాస్టర్ తల గోక్కున్నాడు. "నేనే జరిపిచ్చిన మేడమ్. వానలకు పొలం పనులు ఆగినయి గదా, ప్రార్థనకు మంది ఎక్కువైన్రు. కూసోనీకె జాగ సాలక గోడకు నెట్టిచ్చిన."

మేస్త్రి పై బస్తాలు దించడం మొదలుపెట్టాడు. నాలుగు వరసలు దిగాక అతని నోరు ఆగిపోయింది. అది ఎంత అరుదైన సంగతో నాకు తెలుసు కాబట్టి దగ్గరికి వెళ్లాను.

"చెయ్యి పెట్టి చూడండి మేడమ్" అన్నాడు.

బస్తాల మధ్యలోకి చెయ్యి దూర్చాను. జ్వరం వచ్చిన పిల్లాడి నుదుటి మీద చెయ్యి పెట్టినట్టుంది.

పడమటి కిటికీ రెక్క పూర్తిగా మూసుకోదు. ఈదురు వాన కొట్టినప్పుడల్లా నీళ్లు లోపలికి జారి, గోడ వెంట దిగి, ఆనుకుని ఉన్న బస్తాలను తడిపాయి. ముందు నుంచి చూసేవాళ్లకు అంతా పొడిగా కనిపిస్తుంది. తడి తగిలిన బియ్యం గాలి ఆడక లోలోపల వేడెక్కుతుంది. ఆ వేడి పక్క బస్తాకు పాకుతుంది, అక్కణ్ణుంచి పై బస్తాకు. అడుగున గోడవైపు బస్తాలు విప్పితే బియ్యం పచ్చబడి గడ్డలు కట్టి ఉంది. ముక్కిన వాసన గుప్పుమంది. వాటి పైవి, పక్కవి ఇంకా తెల్లగానే ఉన్నాయి గానీ వెచ్చబడ్డాయి. ఇంకొన్నాళ్లు చూడకపోయి ఉంటే నెట్టు సగం పోయేది. వాగు తగ్గే సూచన లేదు. ఊళ్లో ఇంకో బియ్యం లేదు.

గుట్ట మీద కొంచెం సిగ్నల్ వస్తుందంటే తడుస్తూ ఎక్కి మా సార్‌కు ఫోన్ చేశాను.

"ఏం ముట్టుకోకు. వాగు తగ్గినాక టెక్నికల్ వాళ్లను పంపిస్తా" అన్నాడు.

"అప్పటిదాకా ఆగితే వాళ్లు చూడ్డానికి ఏం మిగలదు సార్. చెడ్డవి వేరు చేసి, మిగతావి విప్పి నేల మీద ఆరబోస్త."

ఆయన నిట్టూర్పు వాన చప్పుడులోంచి కూడా వినిపించింది. "సిగ్నల్ సరిగ్గా లేదమ్మా. నువ్వు చెప్పింది నాకు వినపడలేదు" అన్నాడు. ఆయనలో అంత మంచితనం ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

కిందికి దిగి వచ్చి చర్చి ముందు చేరిన జనానికి ఉన్నదున్నట్టు చెప్పాను. వెచ్చబడ్డ బియ్యం ఇప్పుడే విప్పి, పలచగా పరిచి, తిరగేస్తూ చల్లార్చాలి. దానికి చర్చి నేలంతా కావాలి. ఈ రాత్రీ రేపూ లోపల ఎవరూ నిలబడ్డానికి ఉండదు.

పిల్ల తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయితే పెండ్లి ఆగుద్దా?" అని మెల్లగా అడిగింది.

సారపాక నుంచి వచ్చినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మళ్లీ వాగు దాటి పోయి ఇంకో రోజు రావడం వాళ్లకు కుదరదు. వాన వెలిసేలా లేదు, ఆరుబయట పందిరి నిలవదు. పాస్టర్ ముఖం వాడిపోయింది. తప్పు తనదేనని అతనికి గుచ్చుకుంటోందని చూస్తేనే తెలుస్తోంది.

అప్పటిదాకా ఒక పక్కన నిలబడి ఉన్న పటేల్ గొంతు సవరించుకున్నాడు.

"మా వసారా పెద్దగనే ఉంది. ఆడ చేసుకోండ్రి."

పాస్టర్ తడబడుతూ, "పటేలా, మీ ఇంట్ల దేవత అర్ర ఉంది గద. మీ వోళ్లు ఏమన్న అనుకుంటరేమో" అన్నాడు.

"బియ్యం మీ గుడిల ఉంటే మా దేవత ఏమన్లే. మీ పెండ్లి మా ఇంట్ల అయితే మీ దేవుడు ఏమన్న అంటడా?"

"అనడు" అన్నాడు పాస్టర్.

"ఇంగేంది మరి" అని పటేల్ ఇంటి వైపు నడిచాడు, పశువుల్ని వసారాలోంచి వేరే చోట కట్టేయడానికి. ఆయన ఒక్క పూటలో అన్ని మాటలు మాట్లాడ్డం నేను అదే మొదటిసారి వినడం.

ఇంకో పేచీ మిగిలింది. చెడిపోయిన బస్తాలు బయట అరుగు మీదికి చేర్పించి, ఎవరూ ముట్టుకోవద్దన్నాను. ఒక ముసలమ్మ వచ్చి వాటి పక్కన కూర్చుంది. ఊళ్లో అందరికీ అవ్వ ఆమె. పటేల్ కోడలితో కోయ మాటల్లో ఏదో అని, నా వైపు తిరిగి తెలుగులో అందుకుంది.

"ఇన్ని బియ్యం పారబోస్తవా బిడ్డా? కడిగి, ఎండబెట్టి వండుకుంటం. కరువు కాలంల అడవి గడ్డలు తిని బతికినోళ్లం మేము."

బూజు పట్టిన బియ్యంలో విషం ఉంటుందనీ, కడిగినా ఉడికించినా అది పోదనీ, కాలేయం చెడిపోతుందనీ చెప్పాను. మా శిక్షణలో నేర్పినదంతా చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది. అంతా విని ఒకే మాట అడిగింది.

"నువ్వు తింటవా?"

"తినను అవ్వా."

"కోళ్లకు?"

"కోళ్లకు కూడా వద్దు. ఆ కోడిని మళ్లీ మీరే తింటరు."

"అట్ల చెప్పాలె ముందుగాల" అని లేచిపోయింది. ఆ బస్తాల వైపు ఎవరూ రాకుండా తర్వాత ఆమే కాపలా కాసింది. పిల్లలూ, కుక్కలూ, మా మేస్త్రీ ఎవరు అటు పోయినా కేక వేసేది.

ఇక చూడండి సందడి. చర్చి నేల తుడిచి, ఆరబెట్టి, పరదాలు పరిచాం. చర్చికి పోయేవాళ్లూ పోనివాళ్లూ అందరూ వచ్చారు. పటేల్ కోడలు తలుపు దగ్గర నిలబడి కాళ్లు కడుక్కోనివాళ్లను లోపలికి రానివ్వలేదు. ఆమె మామగారిని కూడా ఒకసారి వెనక్కి పంపింది. మేస్త్రి బస్తాలు విప్పుతుంటే, పెళ్లికొడుకు చొక్కా విప్పి, బనీనుతోనే చెక్క పార పట్టి బియ్యం తిరగేశాడు. మిల్లులో కాగితం చుట్టలు దొర్లించే చేతులు, పని బాగానే సాగింది. పెళ్లికూతుర్ని ఎవరూ పిలవలేదు, తనే వచ్చింది. గోరింటాకు పండిన చేతులతో చేట పట్టుకుని అమ్మలక్కల వరసలో కూర్చుని గడ్డలు ఏరింది. ఎదురుగా పెళ్లికొడుకు ఉన్నాడని తల ఎత్తలేదు గానీ, మేస్త్రి ఊరుకుంటాడా? "అబ్బాయ్, ఇప్పుడు తిప్పినట్టే రేపట్నుంచి ఇంట్లో గరిటె కూడా తిప్పాలి, అమ్మాయి చూస్తంది మరి" అన్నాడు. ఆ పిల్ల చేటతో ముఖం కప్పుకుంది.

నేను వరసలో తిరుగుతూ పిడికెడు పిడికెడు తీసి వాసన చూశాను, గింజ కొరికి చూశాను. వేడి తగ్గుతూ వచ్చింది. ముక్కిన వాసన లేదు. గింజ పంటి కింద గట్టిగా విరిగింది. కొద్దిగా అనుమానం ఉన్న బస్తాలను కూడా చెడ్డవాటి వైపు పంపించాను. ఇందులో మొహమాటం పనికిరాదు. ఎంత మిగిలిందని కాదు, మిగిలింది ధైర్యంగా తినిపించగలమా అన్నదే మనం చూసుకోవాల్సింది. కొత్తగా చేరిన పిల్లలకు నేను చెప్పగలిగిన ఉద్యోగ రహస్యం ఏదన్నా ఉంటే ఇదే.

మర్నాడు పటేల్ వసారాలో పెళ్లి జరిగింది. వాన తాటాకు కప్పు మీద ఎంత జోరుగా కొట్టిందంటే, పాస్టర్ ఎంత గొంతు పెంచినా వెనకవాళ్లకు వినిపించలేదు. "ఈమెను నీ భార్యగ స్వీకరిస్తున్నవా?" అని అతను రెండోసారి అడిగాక, పెళ్లికొడుకు వాన మీద పోటీ పడి "అవ్, చేసుకుంట" అని అరిచాడు. వసారా అంతా ఘొల్లుమంది. దేవత గది గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న పటేల్ భార్య కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ మేస్త్రీ పంక్తిలో కూర్చుని కోడికూరతో తిన్నాం. మేస్త్రి మూడోసారి అన్నం పెట్టించుకుంటూ, ఈ బియ్యం బాగుందో లేదో నాణ్యత పరీక్ష చేస్తున్నానని చెప్పుకున్నాడు.

మంచి బియ్యాన్ని చల్లారాక మళ్లీ సంచుల్లోకి ఎత్తి, గోడకు దూరంగా నెట్టు కట్టాం. కిటికీ రెక్కకు పెళ్లికొడుకు తమ్ముడు మేకులు కొట్టాడు. కూర్చునే చోటు తగ్గిపోయింది కదా అని దిగులు పడ్డ పాస్టర్‌కు పటేలే దారి చూపించాడు: ఎక్కువైనవాళ్లు బస్తాల మీద కూర్చోవచ్చు, మెత్తగా ఉంటుందన్నాడు. బియ్యం మీద కూర్చోకూడదని నేను అడ్డం పడ్డాను. చివరికి ప్రార్థన రెండు జట్లుగా, ఒకరి తర్వాత ఒకరుగా చేసుకోవాలని తేలింది. పాస్టర్ అదే ప్రసంగం రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పేది బాగుంటుందని ఊళ్లో పేరు.

పోయిన బియ్యానికి బదులు పడవ తిరిగిన రోజుల్లో మనుషులతో పాటు ఒకటి రెండు బస్తాల చొప్పున పంపాను. ఆ వానాకాలమంతా ఆ ఊళ్లో ఒక్క పొయ్యి కూడా బియ్యం లేక ఆరిపోలేదు.

వాగు తగ్గాక మా సార్ ఖమ్మం నుంచి స్వయంగా తనిఖీకి బయల్దేరాడు. మిగతా రోజులు ఆయనకు తీరిక లేక ఆదివారం పెట్టుకున్నాడు. దారి పొడవునా జీపులో నాకు నిబంధనలు వినిపిస్తూనే ఉన్నాడు. మేం చేరేసరికి రెండో జట్టు ప్రార్థన జరుగుతోంది. లోపల తెల్లటి బస్తాల నెట్టు, దాని ముందు చాపల మీద జనం, పాట మంచి జోరు మీద ఉంది. గుమ్మంలో అవ్వ కూర్చుని ఉంది. ఆమె చర్చికి పోయే మనిషి కాదు, ఊరికే పాట వినడానికి వచ్చి కూర్చుందట.

సార్ బూట్లతోనే గుమ్మం దాకా వెళ్లి లోపలికి తొంగి చూసి, కాస్త గట్టిగానే అడిగాడు. "ఇది చర్చా, రేషన్ షాపా?"

అవ్వ ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"ఇయ్యాల ఐతారం అయ్యా. ఇయ్యాల చర్చే. బియ్యం గావాలంటే రేపు రా, సంచి తెచ్చుకో" అన్నది.

సార్ వంగి బూట్ల తాళ్లు విప్పుకుని, కాళ్లు కడుక్కుని, లోపలికి వెళ్లి చివరి చాప మీద కూర్చున్నాడు. పాట అయిపోయేదాకా లేవలేదు.